ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్డు పెట్టేవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్నలు

ఆటోనగర్‌లోకి వచ్చేస్తే ఇక మున్సిపాలిటీ గొడవ ఉండదు అని మనోళ్ళలో ఒక నమ్మకం ఉంది. మా నాన్నది లారీ టింకరింగ్ షెడ్డు, ఆయనా అదే అనేవాడు. ఇప్పుడు నేను చుట్టుపక్కల షెడ్లవాళ్ళకి కాగితాల పని చూసి పెడుతుంటాను, రోజూ ఇవే ప్రశ్నలు వస్తుంటే విసుగొచ్చి అన్నీ ఒక చోట రాసేశా. నేను లాయర్ని కాదు, ఆంధ్రా తెలంగాణ రెండు చోట్లా నాకు తెలిసినంతవరకు రాస్తున్నా, ఫీజులూ ఫారాలూ మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టేముందు ఒకసారి ఆఫీసులో కనుక్కోండి.

ఇండస్ట్రియల్ ఏరియాలోనే ఉన్నా కదా, మళ్ళీ లైసెన్సులు దేనికండి?

ఇండస్ట్రియల్ ఏరియా అంటే అక్కడ సుత్తి దెబ్బలు, వెల్డింగు, పెయింటు వాసన ఉండొచ్చు అని జోనింగ్‌లో, అంటే ఏ చోట ఏ పని చేసుకోవచ్చు అని ఊరిని విడగొట్టే ప్లానులో, ఒప్పుకున్నారు, అంతే. అదే షెడ్డు ఇళ్ళ మధ్య పెడితే అసలు చోటే తప్పు అవుతుంది, ఇక్కడ చోటు తప్పు కాదు, కానీ ఆ చోట్లో మీరు ఏం చేస్తున్నారు ఎలా చేస్తున్నారు అనేది వేరే లెక్క. ఆటోనగర్లు పుట్టిందే ఊరి మధ్య రోడ్ల మీద బళ్ళు పెట్టి రిపేర్లు చేసేవాళ్ళని ఒక చోటికి తేవడానికి. విజయవాడ ఆటోనగర్ 1960ల నాటిది, ఆటోమొబైల్ టెక్నీషియన్స్ అసోసియేషన్ వాళ్ళు కూడి కట్టుకున్నది, తర్వాత గాజువాక, గుంటూరు, హైదరాబాద్ వనస్థలిపురం పక్కనా అన్నీ వచ్చాయి. చోటు ఇచ్చారు గానీ చట్టం నుంచి మినహాయింపు ఇవ్వలేదు.

మా షెడ్డు ఎవరి కిందకి వస్తుంది? కార్పొరేషనా, పంచాయతీనా, ఏపీఐఐసీనా?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే, సగం మంది తప్పు ఆఫీసులో ఆర్నెల్లు తిరిగాక నా దగ్గరకొస్తారు. ఏపీఐఐసీ అంటే ఇండస్ట్రియల్ ఏరియాలు వేసే ప్రభుత్వ సంస్థ, అది వేసిన చాలా ఏరియాల్లో లోకల్ బాడీ చెయ్యాల్సిన పనులు, అంటే ప్రాపర్టీ టాక్స్ వసూలు, బిల్డింగ్ పర్మిషన్, రోడ్లు, వీధి లైట్లు, డ్రైనేజీ, ఇవన్నీ ఏపీఐఐసీకే అప్పగించారు, దాన్నే ఐలా, అంటే ఇండస్ట్రియల్ ఏరియా లోకల్ అథారిటీ, అంటారు. తెలంగాణలో ఇదే ఏర్పాటు టీఎస్ఐఐసీ కింద నడిచింది, ఇప్పుడు దాని పేరు టీజీఐఐసీ. ఐలా వసూలు చేసిన పన్నులో 35 శాతం పక్కనున్న మున్సిపాలిటీకో పంచాయతీకో వెళ్తుంది, మిగతా 65 శాతం ఆ ఏరియాలోనే ఖర్చు పెట్టాలి. కాబట్టి మీ రోడ్డు గుంతలు పడితే ఎవర్ని అడగాలో కూడా దీన్ని బట్టే తెలుస్తుంది.

తేలిక దారి ఏంటంటే పోయినేడాది ప్రాపర్టీ టాక్స్ రసీదు తియ్యండి, పైన ఎవరి పేరు ఉందో చూడండి. ఐలా పేరుంటే మొదట జోనల్ మేనేజర్ ఆఫీసుకి వెళ్ళండి, కార్పొరేషన్ పేరుంటే సర్కిల్ ఆఫీసుకి. ఆటోనగర్ అని బోర్డు ఉన్నంత మాత్రాన ఐలా అనుకోకండి, ప్రహరీ గోడ అవతల ఉన్న షెడ్లు చాలావరకు ఐలాలో ఉండవు, అడ్రస్సు మాత్రం ఆటోనగర్ అనే రాసుకుంటారు.

ట్రేడ్ లైసెన్స్ ఎంతవుద్ది?

కార్పొరేషన్ పరిధిలో అయితే 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 521 సెక్షన్ కింద తీసుకోవాలి. రేటు ఊరిని బట్టి మారుతుంది. జీహెచ్ఎంసీలో రోడ్డు వెడల్పుని బట్టి లెక్క, 20 అడుగుల లోపు రోడ్డు అయితే చదరపు అడుగుకి 3 రూపాయలు, 20 నుంచి 30 అడుగుల రోడ్డుకి 4, అంతకు మించితే 6. అంటే 20 బై 30 షెడ్డు 40 అడుగుల రోడ్డు మీద ఉంటే 600 చదరపు అడుగులు ఇంటూ 6, ఏడాదికి 3,600. లారీలు తిరగాలని ఆటోనగర్లలో రోడ్లు వెడల్పు వేస్తారు కాబట్టి మనోళ్ళు ఎక్కువగా పెద్ద రేటులోనే పడతారు, ఇది కొంచెం అన్యాయమే అని నా ఉద్దేశం. రెన్యూవల్ టైముకి చేయించకపోతే 25 శాతం, ఇంకా ఆలస్యమైతే 50 శాతం పెనాల్టీ. గుర్తు పెట్టుకోవాల్సింది ఇంకోటి, ట్రేడ్ లైసెన్స్ ఉన్నంత మాత్రాన మీ కట్టడం సక్రమమైనది అని కాదు, అది వ్యాపారానికి ఇచ్చేది.

ప్లాట్ నాది కాదు, వేరేవాళ్ళ దగ్గర అద్దెకి తీసుకున్నా. ఏమైనా ఇబ్బందా?

అలాట్‌మెంట్ పేపర్లో ప్లాట్ దేనికి ఇచ్చారో రాసి ఉంటుంది. లేత్ వర్క్‌కి ఇచ్చిన ప్లాట్లో మీరు కార్ల పెయింట్ బూత్ పెడితే లైన్ ఆఫ్ యాక్టివిటీ మార్చినట్టు, దానికి ముందు పర్మిషన్ కావాలి, అద్దెకిచ్చినందుకు కూడా ఓనరు పర్మిషన్ తీసుకోవాల్సి ఉండొచ్చు. ఓనరు "ఏం కాదులే" అంటాడు, నోటీసు వచ్చినప్పుడు మాత్రం అతను హైదరాబాద్‌లో ఉంటాడు మీరు షెడ్డులో ఉంటారు. అద్దె అగ్రిమెంట్ రాసుకునే ముందు అలాట్‌మెంట్ లెటర్ జిరాక్స్ అడగండి, ఇవ్వనంటే ఆ షెడ్డు వదిలెయ్యండి, ఇంకోటి దొరుకుతుంది.

షెడ్డు ముందు వైపు రేకులు వేసుకుంటే కూడా పర్మిషన్ కావాలా?

ప్లాట్ లోపల అయినా సెట్‌బ్యాక్‌లో, అంటే కట్టకుండా ఖాళీగా వదలాల్సిన చోట్లో, పక్కా రేకుల షెడ్డు వేస్తే కావాలి. రోడ్డు మీదకి వస్తే పర్మిషన్ అడిగే ప్రశ్నే లేదు, తీసేస్తారు.

పొల్యూషన్ బోర్డు అంటే ఫ్యాక్టరీలకి కదా, మెకానిక్ షెడ్డుకి ఏం సంబంధం?

సెంట్రల్ పొల్యూషన్ కంట్రోల్ బోర్డు 2016లో పరిశ్రమల్ని కాలుష్యం ఎక్కువ తక్కువని బట్టి రెడ్, ఆరెంజ్, గ్రీన్, వైట్ అని విడగొట్టింది కదా, అందులో ఆటోమొబైల్ సర్వీసింగ్, రిపేరింగ్, పెయింటింగ్ ఆరెంజ్‌లో పడింది. ఒట్టి పెట్రోలు పోసే బంకుని మాత్రం ఆ లైనులో తీసేశారు. ఆరెంజ్ అంటే 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద కన్సెంట్, అంటే బోర్డు అనుమతి, కావాలి, కట్టకముందు ఒకటి, నడిపేముందు ఇంకోటి, సీఎఫ్ఈ, సీఎఫ్ఓ అంటారు. అప్లికేషన్ ఆన్‌లైన్లోనే, ఫీజు మీరు పెట్టిన పెట్టుబడిని బట్టి.

ఒక స్టూలు, ఒక టూల్ బాక్సు పెట్టుకుని బైకులు బాగుచేసే కుర్రాడికి కూడా ఇది వర్తిస్తుందా అంటే, ఆ లైనులో సైజు ఏమీ రాయలేదు. నేను చూసినంతలో నోటీసులు వచ్చేది వాటర్ సర్వీసింగ్, పెయింటింగ్ ఉన్న షెడ్లకే, అవీ ఎవరో కంప్లైంట్ చేస్తేనే. అలాగని మీకు రాదు అని నేను రాసివ్వలేను.

వాడేసిన ఇంజిన్ ఆయిల్ ఏం చెయ్యాలి?

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఎక్కువ కేసులు ఇక్కడే ఇరుక్కుంటాయి, అందరికీ తెలిసిన నల్ల డ్రమ్ము దగ్గరే.

2016 ప్రమాదకర వ్యర్థాల రూల్స్‌లో వాడేసిన ఆయిల్‌ని మొదటి షెడ్యూల్లో పెట్టారు. అది మీకు చెత్త, కొనుక్కెళ్ళేవాడికి డబ్బు, రూల్స్‌కి మాత్రం హజార్డస్ వేస్ట్. డ్రమ్ములు నింపి 90 రోజులకంటే ఎక్కువ ఉంచకూడదు, ఏడాదికి 10 టన్నుల లోపు వచ్చే చిన్నవాళ్ళకి బోర్డు ఇంకొంత గడువు ఇవ్వొచ్చు. ఇవ్వాల్సింది బోర్డు ఆథరైజేషన్ ఉన్న రీ-రిఫైనర్లకి, అంటే వాడేసిన ఆయిల్‌ని మళ్ళీ శుద్ధి చేసేవాళ్ళకి, లేదా వాళ్ళ తరఫున వచ్చే కలెక్షన్ ఏజెంట్లకి. బండి మీద పంపేటప్పుడు మానిఫెస్ట్, అంటే సరుకు వెంట వెళ్ళే చిట్టీ, ఫారం 10, రాయాలి, మీ దగ్గర ఎంత వచ్చింది ఎంత పోయింది అనేది ఫారం 3 రిజిస్టర్లో, ఏడాది లెక్క ఫారం 4లో జూన్ 30 లోపు.

ఇక జరిగేది ఏంటంటే సాయంత్రం ఒక ట్రాలీ ఆటో వస్తది, లీటరుకి ఇంత అని చేతిలో పెడతాడు, తీసుకెళ్తాడు. అందులో కొంత సెంట్రింగ్ వాళ్ళకి పోతుంది, స్లాబు చెక్కలకి పూయడానికి. కొంత బట్టీల్లో కాలుతుంది. ఇంకొంత వడకట్టి మళ్ళీ డబ్బాల్లోకి ఎక్కి కొత్త ఆయిల్ అని మన షెడ్డుకే వస్తది, ఆ ఆయిల్ పోసిన ఇంజిన్ సీజ్ అయ్యి మళ్ళీ మన దగ్గరికే వస్తది. నవ్వుకోడానికి బాగుంటుంది గానీ ఆ ఆయిల్ ఎక్కడైనా పట్టుబడి డ్రైవరు మీ షెడ్డు పేరు చెప్తే మీ దగ్గర చూపించడానికి ఒక్క చిట్టీ ఉండదు. అందుకే రేటు రెండు రూపాయలు తక్కువ ఇచ్చినా ఆథరైజేషన్ కాపీ చూపించి రసీదు ఇచ్చేవాడికే ఇవ్వండి. 2024 ఏప్రిల్ 1 నుంచి వాడేసిన ఆయిల్ సేకరణ బాధ్యత ఆయిల్ తయారుచేసే, దిగుమతి చేసే కంపెనీల మీద కూడా పెట్టారు, కాబట్టి రసీదు ఇచ్చే కలెక్షన్ వాళ్ళని వెతకడం ముందుకంటే తేలిక కావాలి.

డ్రమ్ము సిమెంటు గచ్చు మీద, పైన కప్పు ఉన్నచోట, చుట్టూ చిన్న గట్టు కట్టి పెట్టండి. అందులో థిన్నరు, కూలెంటు, నీళ్ళు కలపకండి, కలిస్తే రీ-రిఫైనర్ తీసుకోడు. బనియన్ వేస్ట్ (ఆయిల్ తుడిచిన గుడ్డ ముక్కలు), ఆయిల్ ఫిల్టర్లు కూడా మామూలు చెత్త బండిలో వెయ్యకూడదు.

వాటర్ సర్వీసింగ్ నీళ్ళు డ్రైనేజీలోకి వదలొచ్చా?

నేరుగా వదలకూడదు. పబ్లిక్ మురుగు కాల్వలోకి వెళ్ళే నీళ్ళలో ఆయిల్, గ్రీజు లీటరుకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు, చెరువు, వాగు లాంటి చోటికి వెళ్తే 10. మామూలు సర్వీసింగ్ నీళ్ళు నేరుగా వదిలితే దానికి చాలా పైన ఉంటాయి. అందుకే మూడు గదుల ట్యాంకు కట్టాలి, మొదటి గదిలో మట్టి దిగుతుంది, రెండో దాంట్లో ఆయిల్ పైకి తేలుతుంది, మూడో గదిలోకి పైపు కింద నుంచి నీళ్ళు మాత్రం వెళ్ళేలా పెట్టాలి. చాలామంది కట్టిస్తారు, తియ్యించరు. ట్యాంకు మట్టితో నిండిపోయాక అది ఉన్నా లేనట్టే. పైకి తేలిన ఆయిల్ తీసింది మళ్ళీ పైన చెప్పిన డ్రమ్ములోనే వెయ్యాలి, కాల్వలో కాదు. బోరు కొత్తగా వేస్తుంటే 2002 వాల్టా చట్టం కింద పర్మిషన్ తీసుకోవడం మర్చిపోకండి.

పాత బ్యాటరీలు, టైర్లు?

బ్యాటరీలకి 2022 ఆగస్టులో కొత్త రూల్స్ వచ్చాయి, 2001 నాటివి పోయాయి. పాత బ్యాటరీ కొత్తది అమ్మిన డీలరుకి గానీ రిజిస్టర్డ్ రీసైక్లర్‌కి గానీ ఇవ్వాలి. షెడ్డు వెనకాల పగలగొట్టి సీసం కరగబెట్టే పని అస్సలు వద్దు, ఆ పొగ పీల్చేది మీ కుర్రాళ్ళే. టైర్లు కాల్చకండి, చలికాలం మంటకి కూడా.

శబ్దం ఎంతవరకు ఒప్పుకుంటారు?

2000 నాటి శబ్ద కాలుష్యం రూల్స్ ప్రకారం ఇండస్ట్రియల్ ఏరియాలో పగలు 75 డెసిబెల్స్, రాత్రి 70. ఇళ్ళ ఏరియాలో అయితే 55, 45. పగలు అంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు. చిక్కు ఎక్కడొస్తుందంటే, 30 ఏళ్ళ కింద ఆటోనగర్ ఊరి బయట ఉండేది, ఇప్పుడు ప్రహరీకి ఆనుకునే అపార్ట్‌మెంట్లు లేచాయి. ముందు మేం వచ్చాం అని వాదించడం సహజమే గానీ రాత్రి 11కి ఛాసిస్ మీద సుత్తి పెడితే ఆ వాదన ఎవరూ వినరు. సుత్తి పని, గ్రైండింగు పగలు పెట్టుకుని ఫిట్టింగ్ పని రాత్రికి పెట్టుకోండి. పెయింటు కూడా అంతే, బయట గాలిలో స్ప్రే కొట్టడం ఆపి కనీసం మూడు వైపులా మూసి, ఎగ్జాస్టు, ఫిల్టరు పెట్టిన చోట కొట్టండి. పొడి రంగు పక్క షెడ్డులోని తెల్ల కారు మీద పడి రెండు కుటుంబాలు పోలీస్ స్టేషన్ మెట్లెక్కడం నేను చూశా.

బళ్ళు ఎక్కువైతే రోడ్డు మీద పెట్టుకుంటాం, దానికీ ఫైనేనా?

అవును, పైగా మొదట కంప్లైంట్ వచ్చేదే దీని మీద. పైన చెప్పిన 1955 మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలో 402, 405 సెక్షన్లు రోడ్డు మీద అడ్డంగా పెట్టినవి తీసేయడానికే ఉన్నాయి, ఎక్కువగా నోటీసు కూడా ఇవ్వక్కర్లేదు. రిపేరుకి వచ్చిన లారీ ఆర్నెల్లు రోడ్డు మీద నిలబడి చక్రాలు మట్టిలో దిగిపోయి కింద గడ్డి మొలిచిన సీన్ ప్రతి ఆటోనగర్లో ఉంటుంది, ఓనరు ఫోన్ ఎత్తడు. బండి దించుకునేటప్పుడే జాబ్ కార్డు మీద "పని అయ్యాక 15 రోజుల్లో తీసుకెళ్ళాలి, తర్వాత రోజుకి ఇంత పార్కింగ్" అని రాసి సంతకం తీసుకోండి, అప్పుడు మీరు గట్టిగా అడగగలరు.

పెట్రోలు, గ్యాస్ ఎంత నిల్వ పెట్టుకోవచ్చు?

అమ్మకానికి కాకుండా పనికోసం పెట్రోలు 30 లీటర్ల వరకు లైసెన్స్ లేకుండా ఉంచుకోవచ్చు, అది కూడా ఇనప డబ్బా అయితే ఒక్కోటి 25 లీటర్లు మించకూడదు, గాజు సీసా అయితే లీటరు. కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ బాటిల్లో పెట్రోలు పోసి మూలన పెట్టే అలవాటు మానండి. వెల్డింగు సిలిండర్లు నిలబెట్టి గొలుసు కట్టండి. ఇంటి గ్యాస్ సిలిండర్‌తో గ్యాస్ కట్టింగ్ చెయ్యడం నేరం, టీ కాచినా కమర్షియల్ సిలిండరే వాడాలి. ఆయిల్ మంటలకి నీళ్ళు పొయ్యకూడదు, డ్రై పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ గేటు దగ్గర పెట్టండి, లోపల మూలన కాదు, ఎందుకంటే మంట లోపలే మొదలవుద్ది.

మా బంధువుల అబ్బాయి పని నేర్చుకుంటానంటున్నాడు, పెట్టుకోవచ్చా?

14 ఏళ్ళ లోపు అయితే అస్సలు కుదరదు, బాలకార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ తర్వాత ఏ పనిలోనూ కుదరదు. 14 నుంచి 18 మధ్య వాళ్ళని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. పట్టుబడితే ఆర్నెల్ల నుంచి రెండేళ్ళ జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల జరిమానా, లేదా రెండూ. మేస్త్రీలంతా పదేళ్ళకే పాన చేతబట్టి నేర్చుకున్నవాళ్ళే, మా నాన్నతో సహా, అందుకే ఈ మాట వాళ్ళకి ఎక్కదు. స్కూలు అయ్యాక ఐటీఐ మోటార్ మెకానిక్ ట్రేడ్‌లో చేర్పించి తర్వాత అప్రెంటిస్‌గా పెట్టుకోండి.

పనోళ్ళు ఎంతమంది ఉంటే ఏ రిజిస్ట్రేషన్?

ఒక్కరున్నా షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ 1988 చట్టం కింద లేబర్ ఆఫీసులో చేయించుకోండి. పది మంది లేదా అంతకు మించి ఉంటే ఈఎస్ఐ, 20 లేదా అంతకు మించి ఉంటే పీఎఫ్. ఈఎస్ఐని భారం అనుకుంటారు గానీ జాకీ జారి కాలు విరిగినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఇండస్ట్రియల్ ఏరియా కదా, కరెంటు మీటరు ఇండస్ట్రీ కేటగిరీలో ఇస్తారా?

ఏరియాని బట్టి కాదు, పనిని బట్టి ఇస్తారు. తయారీ అయితే కేటగిరీ 3, సర్వీసింగ్, రిపేరింగ్ సెంటర్లని కమర్షియల్ కింద కేటగిరీ 2లో వేస్తారు. లేత్, బాడీ బిల్డింగ్ ఉన్నవాళ్ళు తమ పని తయారీ కిందకి వస్తుందని చూపించి అడిగి చూడొచ్చు. తక్కువ రేటు ఉన్న కేటగిరీ మీటరు మీద ఎక్కువ రేటు కేటగిరీ పని చేస్తే విజిలెన్స్ వాళ్ళు వెనకటి బిల్లులతో సహా వేస్తారు.

సైలెన్సర్లు మార్చడం, పాత బళ్ళు విప్పి పార్టులు అమ్మడం?

ఇవి లోకల్ బాడీ పని కాదు, ఆర్టీవో, పోలీసుల పని, కానీ ఇరుక్కునేది షెడ్డే. మోటార్ వాహనాల చట్టం 182ఏ కింద డీలర్లు రూల్స్‌కి విరుద్ధంగా బండిని మారిస్తే ఏడాది వరకు జైలు లేదా బండికి లక్ష జరిమానా, ఓనరుకి వేరే శిక్ష ఉంది. పూర్తిగా స్క్రాప్ చెయ్యడం 2021 రూల్స్ ప్రకారం రిజిస్టర్ అయిన స్క్రాపింగ్ సెంటర్లకే. పార్టు కొన్నా బిల్లు తీసుకోండి, ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ జాబ్ కార్డులో రాయండి, దొంగ బండి తేలిన రోజు ఆ కాగితమే మీ పక్షాన మాట్లాడుతుంది.

నోటీసు వచ్చింది, ఇప్పుడేం చెయ్యాలి?

భయపడి షెడ్డు మూసెయ్యకండి, చింపెయ్యకండి. ఎవరు ఇచ్చారు, ఏ సెక్షన్, ఎన్ని రోజులు టైము ఇచ్చారు, ఈ మూడూ చూడండి. టైము లోపల తెల్ల కాగితం మీద జవాబు రాసి రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. నోట్లో చెప్పి వచ్చాను సార్ అంటే అది ఎక్కడా నిలబడదు. సరిచెయ్యడానికి టైము కావాలంటే ఏం చేశారు ఏం మిగిలింది అని ఫోటోలు పెట్టి అడగండి, ఉదాహరణకి ట్యాంకుకి గుంత తవ్వినా సరే ఆ గుంత ఫోటో పెట్టండి. మీ మీద కంప్లైంట్ కాపీ కావాలంటే ఆర్టీఐ కింద 10 రూపాయల ఫీజుతో అడగొచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి.

ఏజెంట్‌కి ఇచ్చేస్తే అన్నీ ఆయనే చూసుకుంటాడు కదా?

చూసుకుంటాడు, తన ఫోన్ నంబర్, తన ఈమెయిల్ పెట్టి. తర్వాత రెన్యూవల్ మెసేజీలు, క్వెరీలు అన్నీ అతనికే పోతాయి, మీకు పెనాల్టీ రోజే తెలుస్తుంది. నా దగ్గరకొచ్చినవాళ్ళకి కూడా ఇదే చెప్తా, లాగిన్ మీ నంబర్ మీదే పెట్టించుకోండి, పాస్‌వర్డు మీ డైరీలో రాసుకోండి, ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి.

ఫుట్‌పాత్ మీద పంచర్ షాపు నాది, ఇవన్నీ నాకు కూడానా?

మీది వేరే దారి. 2014 వీధి వ్యాపారుల చట్టంలో వీధి వ్యాపారి అంటే సరుకులు అమ్మేవాళ్ళే కాదు, రోడ్డు పక్కన సర్వీసు చేసేవాళ్ళు కూడా వస్తారు, కాబట్టి మున్సిపాలిటీలో టౌన్ వెండింగ్ కమిటీ సర్వే ఎప్పుడో కనుక్కుని పేరు రాయించుకోండి, సర్టిఫికెట్ ఇస్తారు. కంప్రెసర్ మాత్రం నడిచే దారికి అడ్డం లేకుండా పెట్టుకోండి.